ప్రార్థనతోపాటు మాత్ర కూడా!

ఆదివారం ఆరాధన అయ్యాక భీమవరంలో ఏ చర్చి ముందు చూసినా పలకరింపులే. 'అమ్మగారికి షుగర్ తగ్గిందా అండీ?' 'నాన్నగారి ఆపరేషన్ ఎప్పుడండీ?' అదే మనసుకు జబ్బుచేస్తే... ఇంట్లోవాళ్లు నోరు విప్పరు. 'దెయ్యం పట్టింది', 'విశ్వాసం చాల్లేదు' అంటారేమోనని భయం!

బైబిల్లో ఏలీయా ప్రవక్త ఇక బతకలేనని చెట్టుకింద పడుకుంటే దేవదూత తప్పుపట్టలేదు. రొట్టె, నీళ్లిచ్చి మళ్లీ నిద్రపోనిచ్చాడు. సంఘం చేయాల్సిందీ అదే. ప్రార్థించండి, మందులు మాత్రం మాన్పించొద్దు. ఆసుపత్రికి తోడెళ్లండి. రాత్రంతా కాపలా కాసిన తల్లిని ఓ పూట పడుకోనివ్వండి.

నయమవుతుందని తీసుకొచ్చినవాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచిన చోట నిప్పంటుకుని 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో 28 మంది చనిపోయారు. అలా కట్టేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు చర్చి నోటీసు బోర్డుమీద రాసిపెడితే ఎంత మేలు!

వచ్చే ఆదివారం ప్రార్థన విన్నపాల్లో 'మా అబ్బాయికి మనసు బాగోలేదండీ' అన్న మాటా వినపడాలి. ఆ వెంటే... 'మందు వేసుకుంటున్నాడా అమ్మా?' అన్న పలకరింపూ!