చేపల చిరునామా

మరబోటు వేటకు బయల్దేరాలంటే ముందు డీజిల్ పోయించాలి. ఐసు నింపాలి. కళాసీలకు బియ్యం, పప్పు, మంచినీళ్లు ఎక్కించాలి. ఇదంతా ముందే పెట్టాల్సిన ఖర్చు. చేప పడిందా లేదా అన్నది మాత్రం వల పైకి లాగాకే తెలుస్తుంది. ఖాళీగా తిరిగొస్తే డీజిల్ డబ్బులు అప్పు కింద మిగులుతాయి. విశాఖ అయినా, కాకినాడ అయినా, మచిలీపట్నం అయినా ఇదే లెక్క. అదే... చేపలు ఫలానా చోట ఉండొచ్చని గట్టు మీద ఉండగానే తెలిస్తే?

తెలుస్తోంది. ఆ కబురు పంపేది సముద్రమే లేని హైదరాబాద్! అక్కడి ప్రగతినగర్‌లో ఉంది భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో ఏర్పాటైన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థను క్లుప్తంగా ఇన్‌కాయిస్ అంటారు. చేపలు దొరికే అవకాశం ఎక్కువగా ఉన్న ప్రాంతాలను గుర్తించి, మత్స్యకారులకు ఉచితంగా చెప్పడం దాని పనుల్లో ఒకటి.

రంగును బట్టి రహస్యం

ఉపగ్రహానికి చేప కనిపించదు. చేప మేత జాడ కనిపిస్తుంది. సముద్రంలో కొన్నిచోట్ల అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. దాంతోపాటే పోషకాలూ వస్తాయి. వాటితో కంటికి ఆనని వృక్ష ప్లవకాలు పెరుగుతాయి. ప్లవకాల కోసం చిన్న జీవులు, వాటి వెనక కవ్వళ్లు, కానాగంతలు, వాటిని తినడానికి వంజరాలు, సూరలు... ఇలా పెద్ద పంక్తి భోజనమే సాగుతుంది. ప్లవకాల్లో ఉండే పత్రహరితం వల్ల నీటి రంగు మారుతుంది. ఆ రంగును, నీటి పైభాగపు వేడిని ఉపగ్రహాలు కొలుస్తాయి. రెండింటినీ కలిపి చూస్తే విస్తరి ఎక్కడ వేశారో అంచనా దొరుకుతుంది.

ఆ అంచనా మత్స్యకారుడికి చేరేసరికి శాస్త్రం మాయమై దారి మాత్రమే మిగులుతుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కుకు వెళ్లాలి, ఎన్ని కిలోమీటర్లు పోవాలి, అక్కడ లోతెంత? అంతే.

ఎవరి ఉపగ్రహం... ఎవరి వల!

ఈ సూచనల తయారీకి చాలా ఏళ్లపాటు అమెరికా వాతావరణ ఉపగ్రహాల కొలతలు వాడారు. ఆ ఉపగ్రహాలు పంపిన సంకేతాలను ఏ దేశంలోనైనా తగిన యాంటెన్నా ఉన్నవారెవరైనా అందుకోగలిగేవారు. అనుమతి అవసరం ఉండేది కాదు, రుసుమూ ఉండేది కాదు. నీటి రంగు కోసం మన దేశమూ 1999లో ఓషన్‌శాట్-1ను, 2009లో ఓషన్‌శాట్-2ను, 2022లో ఓషన్‌శాట్-3ను పంపింది. ఇక ఆర్గో పేరుతో చాలా దేశాలు కలిసి సముద్రాల్లో వదిలిన పరికరాలు దాదాపు 4 వేలు తేలుతున్నాయి. రెండు వేల మీటర్ల లోతుకు మునిగి, పది రోజులకోసారి పైకొచ్చి నీటి వేడి, ఉప్పదనం లెక్కలు పంపుతాయి. 24 గంటల్లో ఆ లెక్కలు ప్రపంచంలో ఎవరికైనా ఉచితం. తుపాను ఎంత బలపడుతుందో అంచనా వేయడానికి అవీ అక్కరకొస్తాయి.

ప్రజల డబ్బుతో సేకరించిన సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకునేలా పెట్టడాన్నే ఓపెన్ డేటా అంటున్నారు. 2012లో కేంద్రం, 2016లో తెలంగాణ ఇందుకోసం విధానాలు ప్రకటించాయి.

ఊరికే ఇస్తే నష్టం కాదా?

కోట్లు పోసి సేకరించినదాన్ని ఊరికే పంచితే ఖజానాకు గండి కాదా అనే ప్రశ్న సహజం. అమెరికాలో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఒక్కోటీ 600 డాలర్లకు అమ్మిన రోజుల్లో, బాగా అమ్ముడైన 2001లో పోయినవి పాతిక వేలు. 2008లో ఉచితం చేశారు. ఏడాది తిరక్కుండానే పది లక్షలు తీసుకున్నారు! 2013లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం ప్రపంచంలో అడవులు ఎక్కడ తరిగాయో, ఎక్కడ పెరిగాయో పటం గీసింది. అందుకు వాడిన చిత్రాలు 6,54,178. పాత ధరకు కొనాలంటే 39 కోట్ల డాలర్లకు పైమాటే. అంత డబ్బు పెట్టి కొనేదెవరు? ఆ పటం వచ్చేదే కాదు.

బోర్డు దాకా వస్తేనే...

అయితే కంప్యూటర్లో ఉచితంగా ఉన్నంత మాత్రాన సరంగు చేతికి అందినట్టు కాదు. అందుకే ఇన్‌కాయిస్ తన సూచనలను తెలుగు సహా తీరప్రాంత భాషల్లో ఇస్తోంది. రేవుల్లో ఎలక్ట్రానిక్ బోర్డులు పెట్టింది. సెల్‌ఫోన్లకూ పంపుతోంది. సెల్ సిగ్నల్ తీరం దాటాక కొద్ది దూరమే. 2017లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు మత్స్యకారులు చాలామంది అప్పటికే నడిసముద్రంలో ఉన్నారు. హెచ్చరిక వారికి చేరలేదు. ఎందరో తిరిగి రాలేదు. ఆ తర్వాతే, సిగ్నల్ లేనిచోట కూడా ఉపగ్రహం ద్వారా కబురందుకునే జెమిని పరికరం 2019లో వచ్చింది.

ఇంకా చిక్కులున్నాయి. మబ్బు కమ్మితే ఉపగ్రహానికి నీటి రంగు కనపడదు. చేపలు కదిలిపోతాయి కాబట్టి పాత కబురు పనికిరాదు. ఇది పైపొరల్లో గుంపులుగా తిరిగే చేపలకే ఎక్కువగా ఉపయోగం. కబురు అందరికీ ఒకటే అయినా పడవలన్నీ ఒకటి కావు. యాభై కిలోమీటర్ల అవతల చేప ఉందంటే పెద్ద మరబోటు వెళ్లగలదు. చిన్న తెప్పకు అది ఆశే! పైగా బోట్లన్నీ ఒకేచోట వల వేస్తే రేపటికి చేప మిగలదు. అందుకే తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల్లో సూచనలూ ఆపేస్తారు.

సమాచారం తలుపులు తెరిచాక కూడా చేయాల్సిన పని చాలా ఉందన్నమాట. నిషేధం ముగిసి బోట్లు కదిలే వేళ రేవులో ఆ బోర్డు వెలుగుతోందా? దాని మీద ఇవాళ్టి తేదీయే ఉందా? ఆరా తీయాల్సింది అదే.