నిలిచిన ఏటికి లెక్క ఎవరు వ్రాస్తారు?



పారే నీటికి దోషం లేదని మన పెద్దలు అంటారు. ఆ మాటలో నిజమున్నది. రాళ్లమీద దూకుతూ పారే నీరు గాలిలోని ప్రాణవాయువును తనలో కలుపుకొంటుంది. ఆ ప్రాణవాయువుతోనే నీటిలోని సూక్ష్మజీవులు చెత్తను విరిచివేస్తాయి. అయితే వేసవి నెలలలో మన శారదా నదిని చూడండి. తూర్పు కనుమలలో పుట్టి, చెరకు తోటలు, వరి మళ్ల నడుమ అనకాపల్లి ప్రక్కగా సాగి బంగాళాఖాతంలో కలిసే ఆ ఏరు, ఎండాకాలం వచ్చేసరికి ఇసుక మధ్య మడుగులుగా మిగిలిపోతుంది. అట్టి నీటికి పెద్దల మాట వర్తించదు.

విశాఖపట్నం అనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం, సముద్రం గుర్తుకు వస్తాయి. కాని ఆ నగరం త్రాగేది పల్లెల మీదుగా వచ్చిన నీరే. శారద మీద రైవాడ జలాశయం, గోస్తని మీద తాటిపూడి జలాశయం, నగరం చెంత మేఘాద్రిగెడ్డ, దూరంనుండి వచ్చే ఏలేరు కాలువ ఆ దాహం తీరుస్తున్నాయి. పల్లెలలోనో, ఏటి ఇసుకలో తీసిన ఊటబావులే అనేక కుటుంబాలకు ఆధారం. గనుక ఏటిలో ఏమి కలుస్తున్నదన్న ప్రశ్న రైతు ఇంటిది, పట్నపు ఇంటిది కూడా.

కంటికి తేటగా కనిపించే నీరు మంచిదని అనుకోరాదు. పొలంలో చల్లిన యూరియా, పశువుల పేడ, మరుగుదొడ్ల ఊట నుండి నైట్రేటు నీటిలోకి దిగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. త్రాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశ ప్రమాణం. మించిన నీటితో పాలు కలిపి పట్టిన పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేక ఒళ్లు నీలివర్ణమయ్యే ప్రమాదమున్నది. తల్లులు ఒక సంగతి గమనించవలెను. నీటిని కాచితే క్రిములు చస్తాయి, నైట్రేటు మాత్రం పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ అది మరింత చిక్కనవుతుంది.

నిలిచిన నీటిలో మరొక కీడున్నది. ఎరువు దొరికిన నాచు, గుర్రపుడెక్క విస్తారంగా పెరుగుతాయి. పగలు ఎండలో నాచు ప్రాణవాయువును విడుస్తుంది, రాత్రి తానే పీల్చుకొంటుంది. కావున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గేది తెల్లవారుజామున. ఆ వేళ చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే సులువుగా దొరికాయని సంతోషించే సమయం కాదది, ఏరు ఊపిరాడక ఉన్నదని తెలుసుకొనే సమయం. మందు కలిసి చచ్చిన చేపలు కూడా ఉండవచ్చు గనుక వాటిని తినవద్దు, అమ్మవద్దు.

నీటి కాలుష్య నివారణకు మన దేశంలో 1974లో చట్టం వచ్చింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదుల నీటిని ఐదు తరగతులుగా విభజించింది. స్నానానికి తగిన నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలి. శుద్ధి చేసి త్రాగదగిన నీటికి, చేపలు బ్రతికే నీటికి కనీసం 4 ఉండాలి. మండలులవారు ఎంచిన చోట్ల నీరు తీసి పరీక్షిస్తారు. అది మేలైన పని. కాని అప్పుడప్పుడు తీసిన సీసా ఆ గంట సంగతే చెబుతుంది. ఒక రాత్రి కలిసిన విషం తెల్లారి క్రిందికి పోతే, ఏ కాగితంలోనూ కనబడదు. ఒడ్డున కాపురముండేవారు చూస్తేనే ఆ లోటు తీరుతుంది.

ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామంలో ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పవలెనని ఏర్పాటు చేశారు. మన సమాజములలోని అక్కలు, చెల్లెళ్లు, యౌవనస్థులు ముందుకు రావచ్చు. పంచాయతీలో పరీక్షల పెట్టె ఉన్నదేమో అడగండి. ప్రతి నెలా ఒకే చోట, ఒకే వేళ నీరు తీయండి. ఒడ్డు మురికి కాక, పారుదల ఉన్నచోట జానెడు లోతున, ఎగువకు మూతి పెట్టి సీసా ముంచండి. అదే నీటితో ముమ్మారు తొలిచి పట్టండి. క్రిముల పరీక్షకు ఇచ్చిన శుద్ధిచేసిన సీసాను మాత్రం తొలవరాదు. తేదీ, వేళ, నీటి రంగు, వాసన, క్రితం దినాల వాన, చేలలో ఎరువు వేసిన సంగతి ఒక పుస్తకంలో వ్రాయండి. అంకె చెడుగా ఉంటే గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపి నిర్ధారించుకొని, సర్పంచిగారికి, కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయండి. పన్నెండు నెలల లెక్క చేతిలో ఉన్న ఊరి మాటను త్రోసివేయడం కష్టం.

ఇంకొక మాట చెప్పక తప్పదు. లెక్క మొదలుపెట్టిన ఊరు మొదట తన్ను తానే పట్టుకొంటుంది. మందు కొట్టిన పంపును రేవులో కడిగినది ఎవరు? ఖాళీ డబ్బాను గెడ్డలో విసిరినది ఎవరు? ట్రాక్టరును ఏటిలో దింపినది ఎవరి కుమారుడు? తాము తేటనీరు త్రాగి, మిగిలినది కాళ్లతో కలకచేసి ఇతరులకు విడిచినవారిని యెహెజ్కేలు ప్రవక్త గద్దించాడు. పై ఊరివాడు కడిగినది క్రింది ఊరి బిడ్డ త్రాగుతుంది. ఆ బిడ్డ మనకు పొరుగువారే.

కర్మాగారముల వ్యర్థముల గురించి అడిగే హక్కు మనకున్నది, అడగవలెను కూడా. మన రేవు పుస్తకం సిద్ధంగా ఉంటే ఆ అడగడానికి బలం వస్తుంది. వేసవి రాకముందే మీ రేవులో ఒక చోటు గుర్తుపెట్టుకొనండి. వర్షాకాలపు నీటి అంకె ముందుగా వ్రాసి ఉంటేనే, ఎండాకాలంలో ఏరు ఎంత క్షీణించినదో తెలుస్తుంది.