అమ్మీ సీనాలో దర్ద్ అంటే గ్యాసేనా?

మా తాడిపత్రిలో అమ్మీ సీనాలో దర్ద్ అంటే మొదట వచ్చే జవాబు 'గ్యాస్'. ఒక సోడా తాగించి పడుకోబెడతాం. షుగర్, బీపీ రెండూ ఉన్న ఔరత్ విషయంలో ఆ జవాబు ఖతర్‌నాక్. షుగర్ మరీజులకు కొన్నిసార్లు దర్ద్ కూడా రాదు, ఉత్త ఆయాసమే.

సరే, ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ తర్వాత ట్రెడ్‌మిల్ అంటారు. మోకాళ్ల తకలీఫ్‌తో నమాజు కూడా కుర్చీలో చదివే అమ్మీ దానిమీద ఎంతసేపు నడుస్తుంది? సగంలో ఆగితే పరీక్ష దేనికీ పనికిరాదు. అక్కడినుంచి కొందరు నేరుగా యాంజియోగ్రామ్, స్టెంట్ దాకా పోతారు. ఇంట్లో బంగారం కుదువకు పోతుంది.

నా రాయ్ ఏమంటే, ఈ మధ్యలో న్యూక్లియర్ స్కాన్ గురించి డాక్టర్‌ను జరూర్ అడగాలి. మనవాళ్లు థాలియం టెస్ట్ అంటారు గానీ, ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం. సూదితో నరంలోకి ఎక్కించిన ఆ మందు ఖూన్‌తో పాటు దిల్ కండరంలోకి చేరుతుంది, కెమెరా దాన్ని పట్టుకుంటుంది. విశ్రాంతిలో ఒకసారి, దిల్ మీద జోర్ పెట్టి ఒకసారి తీస్తారు. నడవలేనివారికి అడినోసిన్ లాంటి మందుతోనే పని జరిగిపోతుంది. విశ్రాంతిలో ఖూన్ అంది, జోర్ పెట్టినప్పుడు అందని చోటు కనిపిస్తే అక్కడికి పోయే నాళం ఇరుకైందని అనుమానం. రెండుసార్లూ అందకపోతే ఆ భాగం పాత హార్ట్ అటాక్‌లో దెబ్బతిని ఉండొచ్చు. యాంజియోగ్రామ్ నాళం ఇరుకును చూపుతుంది. ఆ ఇరుకు వల్ల కండరానికి ఎంత నష్టమో ఆ బొమ్మ ఒక్కటే చెప్పలేదు.

'న్యూక్లియర్' అన్న లఫ్జ్‌కే డరిపోయేవాళ్లున్నారు. టెక్నీషియం జోర్ 6 గంటలకు సగమవుతుంది. రేడియేషన్ బొత్తిగా లేదని అనను. అందుకే గర్భంతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ముందే చెప్పాలి. మనవాళ్లకు అసలు ఇమ్తిహాన్ వేరే: ముందురోజు నుంచే చాయ్ బంద్!

తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. రాయలసీమ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు.

స్కాన్‌లో లోపం కనిపించినా వెంటనే స్టెంట్ అని ఘబరాయించొద్దు. 2020లో అచ్చయిన ఇస్కీమియా అధ్యయనం 5,179 మంది మీద జరిగింది. జబ్బు నిలకడగా ఉన్న ఆ మరీజుల్లో స్టెంట్‌కో బైపాస్‌కో ముందే వెళ్లినవారికీ, మందులతో మొదలుపెట్టినవారికీ మరణాల్లో తేడా తేలలేదు. దర్ద్ తగ్గడంలో మాత్రం మొదటి దారికే ఫాయిదా ఎక్కువ. ఎడమ ప్రధాన నాళం బాగా ఇరుకైనవారిని ఆ లెక్కలో చేర్చలేదు, అది వేరే మామలా.

ఇదంతా నడిస్తే వచ్చి, కూర్చుంటే పోయే దర్ద్ గురించి. చెమటలు పట్టి, దవడకో చేతికో పాకి, కూర్చున్నా తగ్గకపోతే స్కాన్ మాటే ఎత్తొద్దు. 108కి ఫోన్ కొట్టండి. అబ్బా మసీదు నుంచి వచ్చేదాకా కూడా ఆగొద్దు.