వంటయింటి ముచ్చటలు: వేడి పెసరట్టు

గడచిన మాసమున నొక యాదివారము మేమును, మావారును, పిల్లలిద్దరును కలసి, రాజమహేంద్రవరమున మా వీథి మలుపునందున్న చిన్న ఫలాహారశాలకు పోయితిమి. అప్పటికి పది గంటలు దాటినది. ఫలాహారమునకు ఆలస్యము, భోజనమునకు తొందర. ఇట్టి నడిమివేళ తినుటను పెద్ద హోటళ్లవారు ‘బ్రంచి’ యనుచున్నారు. 1895వ సంవత్సరమున గై బెరింజరను ఆంగ్లేయుడు హంటర్స్ వీక్లీ యను పత్రికలో ఈ మాటను సమర్థించుచు వ్యాసము వ్రాసెను. శనివారము రాత్రి ప్రొద్దుపోవువరకు వినోదించినవారు మఱునాడు పెందలకడ లేవ నక్కఱలేదని యాతని వాదము. వారికై వండువారి నిద్ర మాట యేమో!

ఆ కొట్టున బల్లలు నాలుగే. వండునతడే యజమాని. ఆదివారము పెసరట్టు, ఉప్మా తప్ప మఱియొకటి చేయడు. అయినను వీథి వీథియంతయు అచ్చటనే నిలిచియుండును. పెసలు పొట్టుతోనే నాలుగైదు గంటలు నానవైచి, గుప్పెడు బియ్యము, అల్లము, పచ్చిమిరపకాయలు, జీలకఱ్ఱ చేర్చి రుబ్బించును. మినపపిండివలె దీనిని పులియబెట్ట నక్కఱలేదు. నిలువయున్నచో పచ్చని కమ్మదనము తగ్గునని, ప్రొద్దుటి పూటయే మూడు మారులు కొంచెము కొంచెముగా రుబ్బించునట. పెనముపై నీళ్లు చిలుకరించి, ఉల్లిపాయ చెక్కతో తుడిచి, పిండి నడుమ పోసి, గరిటె యడుగుతో వెలుపలికి త్రిప్పుచుండగా మేము చూచుచు కూర్చుంటిమి. ఉల్లిముక్కలు చల్లెను. అంచు లేచిన పిమ్మట ఉప్మా నడుమనుంచి మడచి, అల్లపు పచ్చడితో మా ముందు పెట్టెను.

మొదటి ముక్క నోట పెట్టుకొనగానే మాకొక వింత తోచినది. పదునాలుగేండ్లుగా మేము వారమున కొకసారియైనను పెసరట్లు పోయుచున్నాము. కాని అంచు కరకరలాడుచున్న యట్టును పెనము దిగిన తోడనే తిని యెఱుగము. అందఱును తిని లేచి, పొయ్యి తుడిచి, మేము కూర్చుండునప్పటికి మా పాలిటి యట్టు తడిగుడ్డవలె మెత్తబడియుండును.

బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున నున్న నలుడు వండిన మాంసమును కేశిని తెచ్చి యియ్యగా, దమయంతి రుచి చూచి, ఇది తన భర్త చేతి వంటయే యని గుర్తించినది. చిన్ననాడు మా నాయనగారు భారతము చెప్పునప్పుడు ఈ ఘట్టమును మరల మరల చెప్పించుకొనెడివారము. దమయంతికి నలుని చేయి తెలిసినది. మా చేతి యట్టునే యెవరైన వేడిగా తెచ్చి మా యెదుట పెట్టిన, మేము పోల్చుకొనగలమా? వంటలో నలభీములని పేరంతయు మగవారే కొట్టుకొని పోయిరని మేము గొణగుకొనుట కూడ కద్దు.

లేచి వచ్చుచు ఆ వంటవాని నడిగితిమి: “నీవెప్పుడు తిందువు నాయనా?”

అతడు చెమట తుడుచుకొని నవ్వెను. “మూడింటికి కొట్టు కట్టేసి ఇంత పెరుగన్నం తింటానమ్మా. ఈ సెగలో నిలబడితే అట్టు మీదికి మనసే పోదు.”

పేరు మగవానికి పోయిన మాట నిజమే కాని, వేడి యట్టు మాత్రము ఈతనికిని దక్కలేదు! మావారు ఇల్లు చేరువరకు ఏమియు మాటాడలేదు.

మఱుసటి యాదివారము పిండి మేము రుబ్బితిమి. అట్లు తాము పోసెదమని మావారు పెనము నొద్ద నిలిచిరి. మొదటిది అంటుకొని ముక్కలైనది. రెండవది ఏ దేశపటమును పోలలేదని, బడిలో భూగోళము చెప్పు మావారే యొప్పుకొనిరి. మూడవది గుండ్రముగా రాకపోయినను అంచు చక్కగా కాలినది. పిల్లలు పళ్లెములు చాచిరి. “ఇది అమ్మకు” అని మావారనిరి.

పీటపై కూర్చుండి తింటిమి. మా పిండిలో అల్లము మిక్కిలి యెక్కువ. చల్లారిన యట్టులో ఆ ఘాటు మాకింతగా ఎన్నడును తెలియలేదు. మా చిన్నమ్మాయి పెసరట్టు తినునప్పుడెల్ల రెండేసి గ్లాసుల నీళ్లు త్రాగుచుండుటయు, “నెమ్మదిగా తినవే” యని మేము కసరుచుండుటయు అప్పుడు జ్ఞప్తికి వచ్చినవి.