ఐరన్ మాత్రతో తీరని దిగులు

మన ఆడపిల్లలు దిగులుగా ఉందని చెప్పరు. తలనొప్పి అంటారు, కడుపునొప్పి అంటారు. ఆ నొప్పి వెనుక ఏముందో బడిలోనే ఆరా తీయగలిగిన మనిషి నర్సు. తెనాలిలో గానీ, బాపట్ల, రేపల్లెల్లో గానీ మామూలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు సొంత నర్సు లేదు. కస్తూర్బా బాలికా విద్యాలయాలకు ఏఎన్ఎం ఉంటుంది. పగటి బడికి ఆ భాగ్యం లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికొకసారి వచ్చి పళ్లు, కళ్లు, రక్తహీనత చూసి వెళుతుంది. వారానికొక ఐరన్ మాత్ర అందుతుంది. హిజాబ్ మీద తోటివారు విసిరిన మాటకు రాత్రంతా నిద్రపట్టని పిల్లకు ఆ మాత్ర ఏం చేస్తుంది?

ఉపాధ్యాయులున్నారు కదా అంటారు. ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా నియమించాలని 2020 నాటి పాఠశాల ఆరోగ్య కార్యక్రమం చెప్పింది. మార్కులు వేసేవారి ముందు ఏ పిల్ల తన గుట్టు విప్పుతుంది? పైగా యాప్‌లు, మధ్యాహ్న భోజనం లెక్కలు ఇప్పటికే వారి నెత్తిన ఉన్నాయి. 14416 టెలిమానస్ ఉందంటారు. మంచిదే. కాని ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క ఫోను నాన్న జేబులో ఉంటుంది.

ఇది దయాదాక్షిణ్యాల సంగతి కాదు. విశాఖలో ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. మతం పేరిట జరిగే వేధింపులపై గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలనీ చెప్పింది. కౌన్సెలర్‌ను ఇవ్వండి, ఆ గడప దాకా పిల్లను నడిపించే నర్సునూ ఇవ్వండి. ఆమె మనోవైద్యం చేయనక్కరలేదు. తలుపు వేసి వినాలి, ప్రమాదం కనిపిస్తే ఆ రోజే డాక్టరు వద్దకు చేర్చాలి. ఆ డాక్టరూ దగ్గరలోనే ఉండాలి. రేపల్లె పిల్లను గుంటూరు పెద్దాసుపత్రికి పొమ్మంటే ఆ ఇంట ఒక రోజు కూలి పోతుంది.

మనమూ తక్కువ తినలేదు. పిల్ల తిండి మానేస్తే నజర్ తగిలిందని తావీజుతో సరిపెట్టే ఇళ్లు, సంబంధాలు చెడతాయని ఆసుపత్రి మాటే ఎత్తని ఇళ్లు మనలో ఎన్ని లేవు? 13వ శతాబ్దంలోనే కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మనోరోగులకు వేరే విభాగం ఉండేది. ఆ ఘనత మన జల్సాల్లో చెప్పుకోవడానికేనా?

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగంమంది స్త్రీలే. వచ్చే సమావేశానికి అమ్మలు వెళ్లాలి. నర్సు ఎప్పుడు వస్తుంది, ఏ గదిలో కూర్చుంటుంది అన్న రెండు ప్రశ్నలు మినిట్స్ పుస్తకంలో రాయించి, ప్రధానోపాధ్యాయుని సంతకం తీసుకుని రావాలి.