ఆగిన గోబర్ గ్యాస్ ప్లాంటుకు బొగ్గుపొడి మందా?

గోబర్ గ్యాస్ ప్లాంటు ఆగిపోయినంత మాత్రాన బ్యాంకు వాయిదా ఆగదు. అందుచేతనే, ప్లాంటు ఆగిన ఇంటివారికి ఎవరు ఏ మందు చూపినా కొనాలనిపిస్తుంది. ఇటీవల మా శాఖ పరిధిలోని ఒక ఋణగ్రహీత ఇంట రెండు ఘనమీటర్ల ప్లాంటును చూడబోయాను. పశువులు తగ్గినందున పేడకు బదులు హోటలు నుండి తెచ్చిన అన్నం, కూరల వ్యర్థాలు పోస్తున్నారు. గ్యాస్ వస్తున్నది గాని మంట అంటుకోవడం లేదు. తొట్టిలో పులిసిన వాసన. వరండాలో రెండు బస్తాల నల్లని పొడి ఉన్నది. 'బయోచార్' అని ఒక డీలరు అప్పుమీద ఇచ్చినదట.

ఆ పొడి బూటకం కాదు. ప్రత్తికట్టె, మొక్కజొన్న బెండ్లు, వరిపొట్టు వంటివాటిని గాలి చాలినంత అందకుండా కాల్చగా మిగిలే బొగ్గే బయోచార్. ప్లాంటులో రెండు తెగల సూక్ష్మజీవులు పనిచేస్తాయి. ఒక తెగ వ్యర్థాలను త్వరత్వరగా ఆమ్లాలుగా మారుస్తుంది. రెండవ తెగ వాటినుండి నిదానంగా మీథేను తయారుచేస్తుంది. అన్నం వంటి త్వరగా పులిసే పదార్థం ఎక్కువైతే ఆమ్లం పేరుకొని, రెండవ తెగ పని మానుకొంటుంది. అప్పుడు వచ్చే గ్యాస్‌లో అధికభాగం మండని బొగ్గుపులుసు వాయువే. బయోచార్ రంధ్రాలు ఈ జీవులకు ఆశ్రయమిస్తాయి. అందులోని బూడిద క్షారగుణంతో పులుపును కొంత విరుస్తుంది. కోళ్ళ ఎరువు పోసేచోట అమ్మోనియాను కొంత పట్టి ఉంచుతుంది. కొన్నిరకాల బొగ్గు ఒక జీవి నుండి మరొక జీవికి ఎలక్ట్రానులను చేరవేస్తుందని కూడా శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. నేను చదివిన బి.ఎస్సీ. పాఠాలలో ఈ సంగతి లేదు!

అయితే ప్రయోగాల ఫలితాలు ఒకే తీరుగా లేవు. ముడిపదార్థాన్ని, కాల్చిన వేడిమిని, మోతాదును బట్టి అవి మారుతున్నవి. మోతాదు మించితే గ్యాస్ తగ్గిన సందర్భాలూ ఉన్నవి. కనుక నా అభిప్రాయం స్పష్టం: మేత సరిచేయకుండా పొడి పోయడం వృథా. దానికై అదనపు ఋణం అడగడం మరింత వృథా. ఆ ఇంటివారిని హోటలు వ్యర్థాలు పూర్తిగా ఆపి, పొరుగున నడుస్తున్న ప్లాంటు నుండి స్లర్రీ తెచ్చి పోయమన్నాను. ఆ తరువాత పేడ, సమానంగా నీరు. మంట నిలిచిన పిమ్మటనే అన్నం, అదీ కొద్దికొద్దిగా.

బయోచార్ పరీక్షించదలచినవారు చేలో ఎటూ తగులబెట్టే ప్రత్తికట్టెతోనే చేసుకోవచ్చు. గుంటలో కాల్చి, నిప్పు బూడిద కాకముందే నీటితో ఆర్పి, మెత్తగా దంచి, నానబెట్టి కలపాలి. ఎండుపొడి పైన తేలుతుంది. పెద్ద ముక్కలు అడుగున పేరుకొంటాయి. ప్రయోగాలలో తరచు వాడే లీటరుకు 5 గ్రాముల లెక్కన, రోజుకు 100 లీటర్ల మిశ్రమం పోసే ప్లాంటుకు అరకిలో చాలును. గ్యాస్ పెరిగినా పెరగకపోయినా, ఆ బొగ్గు స్లర్రీతోపాటు పొలం చేరి మట్టిలో ఏళ్ళతరబడి నిలుస్తుంది.

డీలరు సోదరులకు ఒక మనవి. దేనిని కాల్చి చేసినదో, ఎంత వాడాలో బిల్లుమీద వ్రాయండి. రాతిబొగ్గు పొడినీ, బూడిదనూ ఈ పేరున అమ్మవద్దు.

ఆ ఇంట మూడవ వారంలో మంట అంటుకొన్నది. రెండు బస్తాలలో ఒకటి విప్పనే లేదు. దానిని డీలరు తిరిగి తీసుకొంటాడో లేదో ఇంకా తేలవలసి ఉన్నది.