అరవై దాటినోళ్ళకు ఇమ్యూనిటీ సూదులు: డబ్బు కట్టే ముందు



'పెప్టైడ్ సూది వేసుకుంటే పోయిన రోగనిరోధక శక్తి తిరిగి వస్తుంది' అనే ప్రకటనలు మన సంఘం గ్రూపుల్లో తిరుగుతా ఉండాయి. బెంగళూరుకి పోయి వేసుకోవచ్చా అని పెద్దోళ్ళు అడుగుతా ఉండారు. వద్దనేదే మా మాట.

మందు బూటకం కాదు. రొమ్ము ఎముక వెనకాల థైమస్ అనే గ్రంథి ఉండాది. రోగాలతో పోరాడే టీ-కణాలు అక్కడే పదునెక్కేది. వయసు పెరిగే కొద్దీ అది కుంచించుకుపోతుంది. అమెరికాలో అలన్ గోల్డ్‌స్టీన్ బృందం 1970లలో దూడల థైమస్ నుంచి థైమోసిన్ ఆల్ఫా-1 అనే పెప్టైడును వేరుచేసినారు. 28 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. చైనా లాంటి దేశాల్లో హెపటైటిస్-బికి వాడతారు.

అదే చైనాలో 22 ఆస్పత్రుల్లో, ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి సెప్సిస్ వచ్చిన 1,106 మందిని తీసుకొని పరీక్ష చేసినారు. ఫలితం 2025లో బీఎంజే పత్రికలో వచ్చింది. 28 రోజుల్లో చనిపోయినోళ్ళు, మందు వేసినోళ్ళలో నూటికి 23.4, ఉత్త సూది వేసినోళ్ళలో 24.1. తేడా లేనట్టే. అరవై దాటినోళ్ళకు, షుగర్ ఉన్నోళ్ళకు కొంచెం మేలు ఉండొచ్చని అందులో ఒక సూచన ఉండాది. అమ్మేవాళ్ళు పట్టుకునేది ఆ ముక్కనే. అరవై లోపలోళ్ళలో చావులు ఎక్కువ కనిపించిన సంగతి మాత్రం చెప్పరు. ఇట్లా విడదీసి చూసిన లెక్క ఇంకో పరీక్షలో నిలబడాలి. పైగా అది ప్రాణం మీదికి వచ్చినోళ్ళ లెక్క, నడిచి క్లినిక్కుకి పోయే మనది కాదు.

కిడ్నీ మార్పిడి చేసుకున్నోళ్ళు అసలే జాగ్రత్త. వాళ్ళ మాత్రలు నిరోధక శక్తిని అణచడానికే ఇచ్చేది, ఈ సూది దాన్ని రేపుతుంది.

అదుపు తప్పిన షుగర్ కూడా మన పెద్దోళ్ళలో నిరోధక శక్తిని తినేస్తుంది. షుగర్ ఏరితే తెల్లకణాలు సరిగ్గా పని చెయ్యవు. బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చి ఇచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది మన జిల్లా సామనపల్లిలోనే. ఊరికి వచ్చిన మాత్రను గూట్లో పెట్టి, వేలు పోసి సూదికి పోవడం ఏం లెక్కో!

అయినా పోతామంటే మందు పేరు, బ్యాచ్ నంబరు, బిల్లు అడగండి. రైల్వేలో రసీదులు రాసి రాసి రిటైరైనోళ్ళం, ఇది మాత్రం గట్టిగా చెప్తాం. ఇయ్యమంటే లేచి వచ్చేయండి.